సార్ ఖాళీగా వదలమన్న నాలుగు చుట్లు

మంగళవారం రెండో పీరియడ్ అయ్యాక స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దుతుంటే భాయ్ ఫోన్ చేశాడు. ఆ వేళప్పుడు భాయ్ ఎవరికీ ఫోన్ చేయడు. బన్సీలాల్‌పేట్‌లో తన వెల్డింగ్ షాపు ముందు కూర్చుని ఏ గేటుకో చువ్వలు అతికిస్తూ ఉంటాడు.

"టీచరమ్మా, సార్ పోయిండు," అన్నాడు. "పొద్దుగాల్నే. నిద్రల్నే పోయిండు. అమ్మగారు చాయ్ తీస్కపోయి లేపితే లేవలే."

"అయ్యో దేవా" అన్నాను. ఆ తర్వాత నా మనసులోకి వచ్చిన మాటను ఉన్నదున్నట్టు చెప్పేస్తాను, దాచుకుని చేసేదేముంది. ఇక శనివారం శనివారం అబద్ధం చెప్పే బాధ తప్పింది, అనుకున్నాను. అంత అలసిపోయి ఉన్నాను. అనుకున్న మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసి ఎర్ర పెన్నుకు మూత పెట్టేశాను.

పక్క కుర్చీలో హిందీ టీచర్ "ఏమైంది మేడం?" అంది. మా గిటార్ సార్ చనిపోయారని చెప్పాను. "మీకు గిటార్ వచ్చా?" అని ఆశ్చర్యపోయింది. రాదు. పంతొమ్మిదేళ్ళ పరిచయంలో ఆయన దగ్గర నేను నేర్చుకున్నది చప్పట్లు కొట్టడం. ఆ సంగతి స్టాఫ్‌రూమ్‌లో ఎప్పుడూ బయటపెట్టలేదు, నవ్వుతారని. ఇప్పుడు మీకు చెబుతున్నాను. నవ్వితే నవ్వండి.

మధ్యాహ్నానికల్లా చర్చి గ్రూపులో ఫొటోతో సహా "ప్రభువునందు నిద్రించారు" అని మెసేజ్ వచ్చింది. ముప్పయ్యేళ్ళు ఆదివారం ఆరాధనలో గిటార్ వాయించిన మనిషి కదా, కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. చర్చిలో ఆయన్ని ఎరగనివాళ్ళు లేరు. శనివారం సాయంత్రం నాలుగింటికి ఆయన ఇంట్లో ఏం జరిగేదో మాత్రం భాయ్‌కీ నాకూ తప్ప ఎవరికీ పట్టలేదు. అమ్మగారు, అంటే సార్ భార్య, ఆ వేళకు వంటింట్లో అల్లం దంచుకుంటూ ఉండేవారు.

సార్‌ది గుంటూరు వైపు. గుమాస్తా ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చి పద్మారావు నగర్‌లో అద్దెకు దిగి అక్కడే ఉండిపోయారు. సాయంత్రాలు పిల్లలకు గిటార్ పాఠాలు చెప్పేవారు. నన్ను ఆయన పట్టుకున్నది చర్చిలో. ఆరాధనలో పాట ఊపందుకునేసరికి జనం చప్పట్ల వేగం పెంచేస్తారు, మీరూ చూసే ఉంటారు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర నన్ను ఆపి, "ఏమ్మా, నువ్వు లెక్కల టీచరువా?" అని అడిగారు.

"అవును సార్. మీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పాలా! అందరూ పరిగెత్తారు. నువ్వు పరిగెత్తలా. శనివారం నాలుగింటికి ఇంటికి రా, నీతో పనుంది."

క్వయర్‌లో పాడమంటారేమో అనుకుని వెళ్ళాను. రెండో అంతస్తులో రెండు గదుల వాటా. ముందు గదిలో భాయ్ చాప మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో దఫ్. దఫ్ అంటే జల్లెడంత వెడల్పున్న తోలు వాయిద్యం, పెళ్ళిళ్ళలో వాయిస్తారు. సార్ వాళ్ళ కిటికీకి చువ్వలు అతికించడానికి అతను వచ్చినప్పటి పరిచయమట. పక్కన పాత టేప్ రికార్డర్. సార్ ఒక క్యాసెట్ పెట్టి, "మాట్లాడకుండా విను" అన్నారు.

ఆ క్యాసెట్ భాయ్ బావమరిది గల్ఫ్ నుంచి తెచ్చింది. అక్కడ అతని గదిలోనే ఉండే మొరాకో డ్రైవర్ ఒకాయన ఇచ్చాడట. పైన పేరూ ఊరూ ఏమీ లేదు, అరబ్బీలో ఏదో చేత్తో రాసి ఉంది, అదీ సగం చెరిగిపోయింది. లోపల గిటార్ వినబడేసరికి, ఇది సార్‌కే చూపించాలి అని భాయ్ తీసుకొచ్చాడు.

ముందు గిటార్ ఒక్కటే వచ్చింది. తర్వాత ఒకాయన గొంతెత్తాడు, అది పాటో ఏడుపో తెలియలేదు. ఆ గొంతు ఆగేసరికి అడుగునుంచి లావుపాటి తీగ ఒకటి బుం బుం అంటూ బయల్దేరింది, దాని మీద గలగలమని ఇంకేదో చప్పుడు, ఓ పదిమంది కలిసి ఆ ఒంటరివాడికి జవాబు చెప్పడం. మొదటిది స్పెయిన్ వాళ్ళ ఫ్లామెంకో, రెండోది మొరాకో జానపదం, ఎవరో మహానుభావులు రెండూ కలిపి కట్టారు, అని సార్ చెప్పారు.

"ఆ గలగల ఏంటో అంతుబట్టలా. గుర్రాలనుకున్నా," అన్నారు.

భాయ్ నవ్వాడు. "గుర్రం గాదు సార్, ఇనుము. పొద్దంత నేను ఇనే సప్పుడే. నాకెర్క గాదా?"

తర్వాతి శనివారానికి షాపులో మిగిలిన రేకు కోసి, డొప్పల్లా కొట్టి, తాడు కట్టి రెండు జతల ఇనుప చిడతలు చేసుకొచ్చాడు. అచ్చం అదే చప్పుడు. సార్ ఆ చిడతలను చేతుల్లోకి తీసుకుని ఎంతసేపటికీ కింద పెట్టలేదు.

"స్పెయిన్‌కీ మొరాకోకీ మధ్య ఉన్నది చిన్న సముద్రప్పాయమ్మా," అనేవారు. "ఇటు ఏడిస్తే అటు వినబడుద్ది. ఆ రెండు పాటలకీ చుట్టరికం అట్టా వచ్చింది." ఆయన ఆ రెండు దేశాలూ చూడలేదు. పాస్‌పోర్ట్ కూడా లేదు.

ఇక గోడ గడియారం సంగతి. అది వాళ్ళ పెళ్ళికి ఎవరో చదివించింది. సార్ దాని ముళ్ళు రెండూ పీకేశారు. అమ్మగారి గోళ్ళరంగు తీసుకుని పన్నెండు, మూడు, ఆరు, ఎనిమిది, పది అంకెల పక్కన ఎర్ర చుక్కలు పెట్టారు. చప్పట్లలో గట్టి దెబ్బ పడవలసిన చోట్లు అవి. లెక్క మొదలయ్యేది ఒకటితో కాదు, పన్నెండుతో. "అందరూ అయిపోయిందనుకునే చోట మనం షురూ చేస్తాం," అనేవారు, ఆ ఒక్క మాట భాయ్ దగ్గర నేర్చుకుని. పన్నెండు నుంచి మూడుకు మూడు, మూడు నుంచి ఆరుకు మూడు, ఆ తర్వాత రెండు, రెండు, రెండు. మొత్తం కలిపితే ఒక చుట్టు. ఏడో తరగతి పిల్లలు కూడా చెప్పగలిగిన కూడిక. నాకు మాత్రం ఆరు దాటగానే చేతులు తొమ్మిది కోసం ఆగిపోయేవి. మూడు, ఆరు అయ్యాక తొమ్మిది రావాలని చిన్నప్పటి నుంచీ నూరిపోసిన ఎక్కం ఒంట్లో ఇంకిపోయింది మరి.

"ఎనిమిదమ్మా, ఎనిమిది! లెక్కల టీచరువై ఉండి ఎక్కం చదువుతావేంటి?" అని సార్ నెత్తి కొట్టుకునేవారు.

"టీచరమ్మకు తొమ్మిది మీద మస్తు ప్రేమ సార్," అని భాయ్.

ఆ గడియారం చూసినవాళ్ళంతా అవి సార్ మందులు వేసుకునే వేళలనుకునేవారు. ఇంటి ఓనరుగారైతే, "రోజుకు ఐదుసార్లా! ఇంతకీ ఏం జబ్బండీ?" అని అమ్మగారిని పక్కకు పిలిచి అడిగారట. "చప్పట్ల జబ్బు," అన్నారట ఆవిడ.

మొదటి ఆరు నెలలూ నన్ను చప్పుడు రానివ్వలేదు. అరచేతులు దొప్పలా చేసి మెత్తగా కొట్టించేవారు. పాడేవాడి ఊపిరి మన చప్పట్లకు పైన వినబడాలి, కింద వినబడితే మనం కొట్టింది దెబ్బ అని ఆయన లెక్క. నాకు విసుగొచ్చేది. పొద్దంతా క్లాసులో అరిచి అరిచి, సాయంత్రం రెండు గంటలు చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టడానికి వెళ్ళడం ఏం పిచ్చి అనిపించేది. అయినా వెళ్ళేదాన్ని. వారం మొత్తంలో నన్నెవరూ ఏమీ అడగని రెండు గంటలు అవే.

ఆయన కుడిచేతి గోళ్ళ గురించి కూడా చెప్పాలి. తీగలు మీటడానికి నాలుగు వేళ్ళకూ గోళ్ళు పెంచి, విరగకుండా జిగురు పూసుకునేవారు. వాటికేమైనా అవుతుందని అన్నం చెంచాతో తినేవారు, కలిసినవాళ్ళకు ఎడమచెయ్యి ఇచ్చేవారు. "గోంగూర పచ్చడి చెంచాతో తినే గుంటూరోణ్ణి నేనే కట్టుకున్నా," అని అమ్మగారు వడ్డించినప్పుడల్లా అనేవారు.

ఆవిడకు మా సంగీతం గిట్టదని నేను గట్టిగా నమ్మాను. మేము మొదలుపెట్టగానే వంటింట్లో చిన్న రోట్లో అల్లం దంచడం మొదలుపెట్టేవారు. మేము ఆపేదాకా దంచుతూనే ఉండేవారు. ముగ్గురి టీకి అంత అల్లమెందుకో నాకు అర్థమయ్యేది కాదు. సార్ కేకేసేవారు: "ఆ రోలు కాసేపు ఆపవే, నీకు దండం పెడతా!"

"మీ మోతలో నా రోలే వినబడిందా?" అని లోపల్నుంచి జవాబు. దంపుడు ఆగేది కాదు.

పాటకు మాటలు సార్ సొంతంగా కట్టారు. ఆ భాషలు మాకెవరికీ రావు గదా. "నడిచేవాడా, కాసేపు ఆగు, కుండలో నీళ్ళున్నాయి. ఎవరి కుండని అడక్కు, దాహం పేరడిగిందా?" ఇంతే పాట. భాయ్ పాడితే నేను అందుకునేదాన్ని. మధ్యలో భాయ్ దఫ్ ఆపేసేవాడు, చిడతలు కింద పెట్టేసేవాడు. అప్పుడు నాలుగు చుట్ల పాటు సార్ గిటార్ ఒక్కటే, కింద నా మెత్తటి చప్పట్లు. నాలుగో చుట్టు ముగిసి మళ్ళీ పన్నెండు మీదకు రాగానే భాయ్ గొంతెత్తాలి. ఆ నాలుగు చుట్లూ లెక్క నా చేతుల్లో ఉండేది. నేను తప్పితే భాయ్‌కి దారి లేదు, పాట అక్కడే కూలిపోతుంది.

ఏదీ కాగితం మీద పెట్టేవారు కాదు. రాసిపెట్టండి సార్ అని నేనెన్నిసార్లు అడిగినా, "రాస్తే నువ్వు కాగితం వంక చూస్తావు. భాయ్ వంక చూడవు," అనేవారు.

పేరు తెచ్చుకున్నామా అంటే లేదు. ఒక అపార్ట్‌మెంట్‌లో కొత్త సంవత్సరం వేడుకకు వాయిస్తే ఎవరో వచ్చి, "ఇది ఖవ్వాలీయా అండీ, క్రిస్మస్ పాటా?" అని అడిగారు. "రెండిటికీ మధ్యలో ఉండే టీ కొట్టు అండీ," అన్నారు సార్. బన్సీలాల్‌పేట్ మెట్లబావిని బాగుచేశాక ఒక సాయంత్రం ఆ మెట్ల మీద కూర్చుని వాయించాం. కొట్టిన ప్రతి చప్పటా అడుగు దాకా వెళ్ళి తిరిగొచ్చేది. తిరిగొచ్చినవి లెక్కలో కలిసి నేను పూర్తిగా దారి తప్పాను. సార్ గిటార్ పక్కన పెట్టి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఇప్పుడు మా తప్పు చెబుతాను. ఐదారేళ్ళ కిందట ఒక ఆదివారం ఫోన్‌లో ఏదో వెతుకుతుంటే ఆ పాట దొరికింది. అదే గిటార్, అదే గొంతు, అవే చిడతలు. కానీ పరుగు. మేము వాయించేదానికి దగ్గర దగ్గర ఒకటిన్నర రెట్ల వేగం, గొంతు కూడా పైకి. మొదట నా ఫోన్‌లో ఏదో పాడైందనుకున్నాను. తర్వాత అర్థమైంది. పాడైంది సార్ టేప్ రికార్డర్. దాని రబ్బరు బెల్టు ఎప్పుడో సాగిపోయి, క్యాసెట్‌ను ఈడ్చుకుంటూ తిప్పింది. అది ఈడ్చిందంతా మేము నమ్మాం. పధ్నాలుగేళ్ళు, గోళ్ళకు జిగురు పూసుకుని, గడియారం ముళ్ళు పీకి, మేము నేర్చుకున్నది సాగిన బెల్టు పాట.

చెప్పకుండా ఉండాల్సింది. చెప్పాను. సార్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు విన్నారు. గిటార్ సంచిలో పెట్టేసి లోపలి గదిలోకి వెళ్ళిపోయారు. ఆ రోజు టీ కూడా రాలేదు. రెండు శనివారాలు "రావద్దమ్మా, ఒంట్లో బాలేదు" అని ఫోన్. నేను చేజేతులా ఆయన్ని ఏదో చేసేశానని నిద్రపట్టలేదు.

మూడో శనివారం ఆయనే పిలిచారు. టేప్ రికార్డర్ బల్ల మీద లేదు. భాయ్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు, చెప్పులు విప్పాలో వద్దో తెలియనట్టు. సార్ మొహం పీక్కుపోయింది.

"ఏం చేద్దాం భాయ్?" అన్నారు. "వాళ్ళ వేగానికి మార్చుకుందామా? మొదట్నుంచి మళ్ళీ నేర్చుకోవాలి. నాకు అరవై దాటాయి."

భాయ్ చెప్పులు విప్పి లోపలికొచ్చి కూర్చున్నాడు. "సార్, నేనొక్క మాట చెప్తా, కోపం చెయ్యకుండ్రి. వాళ్ళు ట్రైన్ కోసం ఉరుకుతున్నరు. మనం దిగి ఇంటికి నడుస్తున్నం. మనకెందుకు పరేషాన్?"

సార్ గిటార్ బయటికి తీశారు. పన్నెండు అన్నారు. మా పాత వేగంతోనే మొదలుపెట్టాం. వంటింట్లో రోలు కూడా మొదలైంది.

ఆ తర్వాత మూడేళ్ళకు పైగా సాగింది. ఆగింది నా వల్లే. మా అమ్మకు నడుము విరిగి మంచం పట్టింది. ఇద్దరం యాప్రాల్‌లో కొత్త వాటాలోకి మారాం. పొద్దున అమ్మకు స్నానం చేయించి, రెండు బస్సులు మారి స్కూలు, మళ్ళీ రెండు బస్సులు, వంట, అమ్మ మందులు. శనివారం నాలుగింటికి ఫోన్ మోగేది. "శనివారమమ్మా," అనేవారు సార్, అంతకంటే ఏమీ అనకుండా. "వస్తాను సార్, వచ్చే వారం తప్పకుండా," అనేదాన్ని. అలా ఏడాదిన్నర. నిజంగా వెళ్ళలేని శనివారాలు సగం కూడా ఉండవు. మిగతా వాటికి నాకు ఒళ్ళు కదల్లేదు, అంతే. పక్క మీద వెల్లకిలా పడుకుని ఫ్యాను వంక చూస్తూ "బస్సులో ఉన్నాను సార్" అని కూడా చెప్పాను ఒకసారి.

ఎనిమిది నెలల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. భాయ్ చెబితే అమ్మను పక్కింటావిడకు అప్పజెప్పి వెళ్ళాను. ముందు గదిలోనే గడియారం కింద మంచం వేశారు. దుప్పటి మీద ఆ కుడిచెయ్యి పెట్టి ఉంది. నాలుగు వేళ్ళకూ గోళ్ళు కత్తిరించేశారు. ఆ మొండి వేళ్ళు చూసి నాకు ఏడుపు ఆగలేదు.

"నేనే తీశా," అన్నారు అమ్మగారు. "దుప్పటికి పట్టుకుంటున్నాయి." అనేసి గబగబా వంటింట్లోకి వెళ్ళిపోయారు.

సార్‌కు మాట ముద్దగా వస్తోంది. ఒక్కో ముక్క నెమ్మదిగా కూడబలుక్కుని చెప్పారు. "నేను పోయాక పెట్టే ఆదరణ కూడికకు మన పాట పాడండి. నువ్వూ, భాయ్. గిటారు ఇంకెవరి చేతా వద్దు. నా నాలుగు చుట్లు ఖాళీగా వదిలెయ్యండి. నువ్వు లెక్క పట్టు."

"అలాంటి మాటలు ఎందుకు సార్ ఇప్పుడు," అన్నాను.

"ఖాళీ కూడా లెక్కలో ఉండాలమ్మా. ఒక్క దెబ్బ ఎక్కువా వద్దు, తక్కువా వద్దు." ఎడమచేత్తో మంచం పట్టె మీద కొట్టి చూపించబోయారు. చేత కాలేదు. "వస్తావా?"

"వచ్చే శనివారం నుంచి వస్తాను సార్. అన్నీ మళ్ళీ ప్రాక్టీస్ చేద్దాం," అన్నాను. వెళ్ళలేదు. ఆ ఎనిమిది నెలల్లో ఒక్క శనివారం కూడా వెళ్ళలేదు. ఆయన ఫోన్ చేసే స్థితిలో లేరు గనక, భాయ్ చేసినప్పుడు అతనికి అబద్ధం చెప్పాను.

సమాధి కార్యక్రమం బుధవారం అయిపోయింది. ఆ సాయంత్రం సార్ ఇంట్లో పాస్టర్‌గారు శనివారం పెట్టే ఆదరణ కూడిక గురించి మాట్లాడుతుంటే భాయ్ ఈ పాట సంగతి ఎత్తాడు. పాస్టర్‌గారు కుర్రవాడు, మంచివాడు, ఇబ్బందిపడ్డాడు. "అమ్మగారూ, ఈ పాట ఏ పుస్తకంలోదండీ?" అని అడిగాడు. "పైగా భాయ్‌గారు దఫ్‌తో చర్చిలో... పెద్దలేమంటారో."

అమ్మగారు తలెత్తి, "ఆయన ముప్పయ్యేళ్ళు మీరడిగింది వాయించాడయ్యా," అన్నారు. "ఒక్కపూట ఆయనడిగింది వాయించనివ్వండి." పాస్టర్‌గారు తలూపి మా పాటను కార్యక్రమంలో రాసుకున్నారు.

గురువారం స్కూలు అయ్యాక భాయ్ షాపుకు వెళ్ళాను. షట్టర్ సగం దించి, గేట్ల మధ్య కూర్చుని ప్రయత్నించాం. నాలుగు చుట్ల ఖాళీ దగ్గరకొచ్చేసరికి ప్రతిసారీ తప్పాను. గిటార్ ఉన్నప్పుడు అది నన్ను మోసేది. ఇప్పుడు మోసేదేదీ లేదు. ఐదోసారి తప్పాక చేతులు ఒళ్ళో పడేసుకుని, "నా వల్ల కాదు భాయ్. రెండేళ్ళయింది. నన్నొదిలెయ్," అన్నాను.

"ఏందీ టీచరమ్మా, గిట్లంటే ఎట్ల?" అన్నాడు. అతని కళ్ళు ఎర్రగా ఉన్నాయి, వెల్డింగ్ వల్లో మరెందువల్లో. "సార్ కాగితం సుత పెట్టలే. ఆ పాట నీ చేతులల్ల ఉంది, నా చేతులల్ల ఉంది. ఇంకెక్కడా లేదు. జెర చాయ్ తాగు. మళ్ళా చేద్దాం." చీకటిపడేదాకా చేశాం. రెండుసార్లు కుదిరింది.

శనివారం సాయంత్రం నాలుగింటికి కూడిక. ఆ వేళ ఎవరు పెట్టారో నేనడగలేదు. చర్చి నిండింది. సార్ దగ్గర నేర్చుకుని పెద్దవాళ్ళైపోయిన పిల్లలు వెనక వరసల్లో నిలబడ్డారు. వాక్యోపదేశం అయ్యింది, సార్ గురించి తెలిసినవాళ్ళ సాక్ష్యాలు అయ్యాయి. పాస్టర్‌గారు మమ్మల్ని పిలిచారు. భాయ్ ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, దఫ్‌ను గుడ్డలోంచి తీస్తూ నా పక్కన నిలబడ్డాడు. చర్చిలో ఎవరో దగ్గారు. భాయ్ నా వైపు చూసి తలూపాడు. పన్నెండు.

మొదటి చరణం బాగానే నడిచింది. భాయ్ గొంతు అంత బాగా ఉండడం నేనెప్పుడూ వినలేదు. "ఎవరి కుండని అడక్కు" దగ్గర వెనక వరసలో ఎవరో వెక్కారు. చిడతలు మోగాయి, నేను జవాబు అందుకున్నాను. తర్వాత భాయ్ చిడతలు కింద పెట్టి, దఫ్‌ను రొమ్ముకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నాడు. సార్ చోటు వచ్చింది.

దొప్ప చేసిన అరచేతులతో మెత్తగా మొదటి చుట్టు. రెండో చుట్టు. నా చెవిలో ఆయన గిటార్ వినబడుతూనే ఉంది, అందుకని నడిచాను. మూడో చుట్టులో వినబడడం ఆగిపోయింది. పన్నెండు, మూడు, ఆరు. చేతులు తొమ్మిది కోసం ఆగాయి.

ఆగాక ఎక్కడున్నానో తెలియలేదు. వెతుక్కోబోయాను, దొరకలేదు. చేతులు రెండూ గాలిలో ఉండిపోయాయి. భాయ్ కళ్ళు తెరిచి నా వంక చూశాడు. ఫ్యాన్ల చప్పుడు తప్ప చర్చిలో ఏమీ లేదు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే, ఆ ఒక్కటీ పోగొట్టాను.

టక్.

ముందు వరసలోంచి. అమ్మగారు తల వంచుకుని కూర్చుని ఉన్నారు. పెళ్ళి ఉంగరం ఉన్న వేలు బెంచీ అంచు మీద ఉంది. టక్. అది పది. మళ్ళీ టక్, పన్నెండు. నాలుగో చుట్టు. మూడు. ఆరు. ఎనిమిది. ఆ చప్పుడు నాకు తెలుసు. పదిహేడేళ్ళు వంటింట్లోంచి విన్నాను. అల్లం దంచుతున్నారనుకున్నాను. ఒక్క దెబ్బ ఎక్కువ లేదు, తక్కువ లేదు. పది దగ్గర నా చేతులు ఆవిడ వేలితో కలిశాయి. పన్నెండు మీద భాయ్ గొంతెత్తాడు.

పాట ఎలా ముగిసిందో నాకు సరిగ్గా గుర్తులేదు. ముగింపు ప్రార్థనకు అందరూ కళ్ళు మూసుకున్నారు, నేను మూసుకోలేకపోయాను.

కూడిక అయ్యాక జనం వరసగా అమ్మగారికి వందనాలు చెప్పి వెళుతున్నారు. నా వంతు వచ్చింది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని అరచెయ్యి పైకి తిప్పి చూశారు.

"ఎనిమిది దగ్గరే తప్పావు," అన్నారు. "ఎప్పుడూ అక్కడే. ఆయన చెబుతూనే ఉండేవాడు."

"అమ్మగారూ, మీకీ లెక్క ఎప్పటి నుంచి తెలుసు? సార్‌కు తెలుసా?"

ఆవిడ నా చెయ్యి వదల్లేదు. నా వెనక వరస పెరిగిపోతోంది. ఆవిడ నన్ను చూడడం మానేసి గుమ్మం వైపు చూస్తున్నారు, బొటనవేలు మాత్రం నా అరచేతిలో మెత్తగా పడుతూనే ఉంది, ఆ సాగిన బెల్టు వేగంతోనే. ఆరు, ఎనిమిది, పది. పన్నెండు దగ్గరకు వచ్చి మళ్ళీ మొదలుపెట్టారు.